మోసపోయినవారిని నిందించవద్దు

లింకు నొక్కి పొదుపు సొమ్ము పోగొట్టుకున్న పెద్దలు మన సంఘాల్లోనూ ఉన్నారు. వారిని "తెలివి తక్కువై మోసపోయారు" అంటాం. అది సరికాదు.

2006లో హార్వర్డ్, బర్కిలీ పరిశోధకులు 22 మందికి అసలు, నకిలీ వెబ్‌సైట్లు చూపి గుర్తుపట్టమన్నారు. ఒక నకిలీ బ్యాంకు చిరునామాలో 'డబ్ల్యూ'కు బదులు రెండు 'వీ'లు పక్కపక్కన పెట్టారు. 90 శాతం మంది అది అసలుదే అనుకున్నారు. చదువు, వయసు, కంప్యూటర్ అనుభవం దేనివల్లా పెద్ద తేడా కనబడలేదు.

మరుసటి ఏడు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు, అధ్యాపకులు కలిసి దొంగ లింకులను పసిగట్టడం నేర్పే ఆట తయారుచేశారు. పావుగంట ఆడినవారు మునుపటికంటే బాగా గుర్తుపట్టగలిగారు. ఆనాటి విద్యార్థుల్లో ఒకరైన పొన్నురంగం కుమారగురు తరువాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఆచార్యులయ్యారు.

నేర్పితే వస్తుంది, నిందిస్తే రాదు. నిందకు భయపడి నష్టాన్ని దాచుకునేవారు 1930కు వెంటనే ఫోన్ చేయరు. ఆలస్యమైనకొద్దీ సొమ్ము చేయిదాటిపోతుంది. ఆరాధన ముగిశాక మన యౌవనస్థులు పెద్దల పక్కన కూర్చుని ఒక పావుగంట నేర్పలేరా? మోసపోయానని చెప్పుకునేవారికి ముందుగా మన చెవి ఇద్దాం.