పాత బండి, చిన్న రబ్బరు



కిందటి నెల ఒక సహోదరుడు మాకు ఉత్తరము రాశారు. వారి నాన్నగారు వాడిన ఫియట్ కారు రెండేళ్లుగా ఇంటి ముందు నిలిచి ఉందట. ఇంజను మంచిదే, బాడీ మంచిదే. పెట్రోలు పంపు లోపలి పలుచని రబ్బరు బిళ్ల మాత్రము చిరిగింది. "అది దొరకడము లేదు. ఇంట్లో వారు తుక్కుకు ఇచ్చేయమంటున్నారు. ఏమి చేయమంటారు?" అని అడిగారు. ఈ పేజీలో మేము పిల్లల చదువుల గురించి, ఇంటి ఖర్చుల గురించి, అత్తాకోడళ్ల మాటల గురించి రాస్తుంటాము. కార్ల గురించి ఎన్నడూ రాయలేదు. అయినా మా శ్రీమతి ఆ ఉత్తరము చదివి, "ఈయనకు జవాబు మీరే రాయాలి. బ్రేకుల సంగతి కూడా దాచకుండా రాయండి" అన్నది. దాచాలనే ఉంది గానీ, రాస్తున్నాము.

మా దగ్గర 1988 నాటి అంబాసిడర్ ఉంది. మా మామగారిది. ఆయన పోయిన తరువాత మా అత్తగారు దాన్ని అమ్మనివ్వలేదు, మనూరుకు పంపించారు. ఇక్కడి నుంచి నారాయణఖేడ్‌కు, బీదర్‌కు ఆసుపత్రి పనుల మీద సంఘములోని పెద్దవాళ్లను తీసుకెళ్లడానికి అది బాగా అక్కరకొచ్చింది. వెనుక సీటులో మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మలు ముగ్గురు కాళ్లు చాపుకొని కూర్చోగలరు. కొత్త బండ్లలో ఆ సౌఖ్యము లేదని వాళ్లే అంటారు.

కిందటి వర్షాకాలము ముందు ఎడమ వెనుక చక్రము దగ్గర తడి కనిపించింది. నారాయణఖేడ్‌లో మా బండి చూసే మెకానిక్ చాచా డ్రమ్ము విప్పి, వీల్ సిలిండర్‌లోని రబ్బరు కప్పులు అరిగాయని చూపించాడు. పావలా బిళ్లంత సామాను. "అయ్యగారూ, గీ సైజు ఈడ దొర్కది. హైదరాబాద్ కెళ్లి తెప్పిస్త. వారం రోజులు బండి తియ్యకుండ్రి" అన్నాడు. మాకు ఆ వారములోనే మూడు ఊళ్లలో కూటములు ఉన్నాయి. ఆగలేదు. వేరే ఊళ్లో ఒక దుకాణము వారు "ఇదీ అదే సైజు" అని ఒక ప్యాకెట్టు ఇచ్చారు, సీసాలో నూనె కూడా ఇచ్చారు. ఇంకొకరి చేత వేయించాము. బ్రేకు బాగానే పట్టింది. చాచాకు చెప్పలేదు.

పద్దెనిమిది రోజులు పట్టింది. బీదర్‌లో కళ్ల పరీక్ష చేయించుకొన్న ఇద్దరు పెద్దమ్మలు, మా శ్రీమతి, మా చిన్నబ్బాయి బండిలో ఉన్నారు. మసక చీకటి. కల్వర్టు దిగుడులో పెడల్ తొక్కితే ప్రతిఘటన లేకుండా అడుగు వరకు పోయింది. మళ్లీ తొక్కాము, మళ్లీ అంతే. ఎదురుగా మేకల మంద. గేరు దించి, హ్యాండ్ బ్రేకు లాగి, బండిని పత్తి చేను వైపు దింపాము. చెరువు కట్ట మీద అయి ఉంటే ఈ ఉత్తరానికి జవాబు రాసేవారు ఉండేవారు కారు. పెద్దమ్మల్లో ఒకరు దిగి, "అయ్యగారూ, బండికి ఏమైంది?" అని అడిగారు. బండికి ఏమీ కాలేదమ్మా, మాకే అయింది అనుకొన్నాము గానీ పైకి అనలేదు.

మరునాడు చాచా డ్రమ్ము విప్పినప్పుడు చెప్పిన మాట రాస్తాము. కప్పులు ఉబ్బి, మెత్తబడి, వేలితో నొక్కితే జిగురులా ఉన్నాయి. బ్రేకు నూనె అంటే మామూలు నూనె కాదు. గ్లైకాల్ అనే పదార్థముతో చేసిన ద్రవము. దాని డబ్బా మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది. మా బండిలో పోసినది ఖనిజ తైలము. ఈ రకము రబ్బరు ఆ తైలము తగిలితే నానిన శనగలా ఉబ్బుతుంది. అంతకు ముందే కప్పు సైజు ఒక పిసరు తేడా. రెండు తప్పులూ కలిశాయి. చాచా మమ్మల్ని తిట్టలేదు. "ఇంజన్ ఆగితే బండి ఆగుతది. బ్రేక్ ఆగితే బండి ఆగది" అని మాత్రము అని, పాత కప్పు ఒకటి కాగితములో చుట్టి మా చేతికి ఇచ్చి, రాణిగంజ్ వెళ్లమన్నాడు.

సికింద్రాబాద్ రాణిగంజ్ తెలియని బండి యజమాని ఉండడు. మూడు దుకాణాల్లో "అంబాసిడరా? బంద్ అయింది సార్" అన్నారు. నిజమే, బంద్ అయింది. ఇంగ్లాండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వారు ఉత్తరపారాలో 1957 నుంచి చేస్తూ వచ్చి, 2014 మే నెలలో ఆపేశారు. ఉత్తరము రాసిన సహోదరుని ఫియట్ సంగతి ఇంకా పాతది. బొంబాయిలో ప్రీమియర్ వారు చేసిన ఆ పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో ఆ నగరములో ఆఖరయ్యాయి. మారుతి 800 కూడా 2014 జనవరిలో ఆగింది. నాలుగో దుకాణములో మాత్రము కళ్లద్దాల పెద్దాయన మా కాగితము విప్పి, కప్పును కాలిపర్‌తో కొలిచి, "ముందు చక్రమా, వెనుకా? ఏ సంవత్సరము బండి?" అని అడిగారు. ఆ ప్రశ్న విన్నప్పుడే మా ప్రాణము కుదుటపడింది. ప్రశ్న అడిగేవాడు సరైన సామాను ఇస్తాడు. "ఇదీ అదే" అనేవాడి దగ్గర కొనకూడదని మాకు అప్పటికి అర్థమైంది.

ఆయన రెండు ప్యాకెట్లు తీశారు. ఒకటి పాత కంపెనీ పెట్టె, చూడముచ్చటగా ఉంది. అది ఇవ్వండి అన్నాము. ఆయన ఒప్పుకోలేదు. పెట్టె విప్పని రబ్బరుకు కూడా వయసొస్తుందట. పదిహేనేళ్లు అరలో ఉన్నది బయటికి కొత్తదే, వంచితే అంచున సన్నని పగుళ్లు. వంచి చూపించారు. ఇనుప సామాను అయితే చాదర్‌ఘాట్ పాత సామాన్లలో ఇంకొక బండి నుంచి విప్పినది తెచ్చుకోవచ్చు, కొలత సరిపోతే చాలు. రబ్బరు అలా కుదరదు, ఎందుకంటే ఆ బండి కూడా మన బండంత ముసలిదే. ఈ మధ్య చేసినదే కావాలి. అంబాసిడర్ ఆగినా దాని చిన్న సామాన్లు చేసే కర్మాగారాలు వేరే ఉన్నాయని, ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి తెప్పిస్తానని ఆయన చెప్పారు.

నట్లు, బోల్టుల విషయములో ఇంకొక చిక్కు. మా అంబాసిడర్ అంగుళాల కొలతది. ఫియట్ మిల్లీమీటర్లది. మన ఊళ్లలో ఇప్పుడు దొరికే బోల్టులు దాదాపు అన్నీ మిల్లీమీటర్లవే. రెండు చుట్లు ఎక్కుతుంది, సరిపోయినట్టే ఉంటుంది, తరువాత బిగిస్తే మర తెగిపోతుంది. అప్పుడు పది రూపాయల బోల్టు కోసము వేల రూపాయల భాగము పోతుంది. ఇంటి మరమ్మతులు సొంతముగా చేసుకొనే సహోదరులు ఈ మాట గుర్తుంచుకోవాలి. చేతితో తిరగని బోల్టును పానాతో తిప్పకూడదు.

ఇక సహోదరుని పంపు బిళ్ల సంగతి. దాన్ని డయాఫ్రమ్ అంటారు. పంపు మొత్తము అడగకండి, పంపు రిపేరు కిట్టు అడగండి. అందులో బిళ్ల, చిన్న వాల్వులు, గాస్కెట్టు వస్తాయి. చిరిగిన బిళ్లను పారేయకుండా, పంపు మీద ఉన్న అంకెలతో సహా వెంట తీసుకెళ్లండి. మీరు బహుశా గమనించి ఉండరు, ఆ బిళ్ల చిరిగితే పెట్రోలు ఇంజను నూనెలోకి కూడా దిగవచ్చు. కాబట్టి కొత్తది వేసిన రోజునే ఇంజను ఆయిల్ మార్చండి. ఇంకొకటి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాల్ ఉంటోంది. మన పాత బండ్ల రబ్బరు దాని కోసము చేసినది కాదు. అందుకే కిట్టు కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకొనేదేనా అని అడగండి. పెట్రోలు గొట్టాలు కూడా అప్పుడే మార్చండి. గొట్టము కారితే చొక్కా మీద మరక కాదు, నిప్పు.

తుక్కుకు ఇవ్వాలా వద్దా అన్నది మేము చెప్పలేము. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించే రుసుమును 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. ఫిట్‌నెస్ చూపించాలి. ఆ ఖర్చు, ఈ తిరుగుడు కలిపి లెక్క వేసుకోండి. నాన్నగారి జ్ఞాపకమని మాత్రమే ఉంచుకొంటే దానిలో పిల్లల్ని ఎక్కించకండి. ఎక్కించాలనుకొంటే బ్రేకుల దగ్గర మొదలుపెట్టండి, పంపు తరువాత.

మా బండిలో నాలుగు చక్రాల కప్పులూ, మాస్టర్ సిలిండర్ కిట్టూ మార్చాము. గొట్టాలన్నీ కడిగి, సరైన నూనె పోశాము. అయినా సంఘ పెద్దలు ఒక షరతు పెట్టారు. చాచా మాట చెప్పే వరకు ముసలివాళ్లను ఎక్కించకూడదు. ఆ పెద్దమ్మలిద్దరూ అంతవరకు బస్సులోనే వెళ్లారు. మాకు సిగ్గుగా ఉండేది, కాని షరతు న్యాయమైనదే. నెల తరువాత ఒక ఆదివారము సాయంత్రము చాచా తానే బండి నడిపి ఆ కల్వర్టు దాకా పోయి, దిగుడులో నాలుగుసార్లు ఆపి చూసి వచ్చాడు. తాళము మా చేతిలో పెట్టి, "ఇగ తీస్కపోండ్రి. గానీ నూనె డబ్బా నాకు చూపెట్టకుండ పొయ్యొద్దు" అన్నాడు.

రాణిగంజ్ పెద్దాయన మా శ్రీమతి నోటుపుస్తకములో మా బండి రబ్బరు కొలతలన్నీ తన చేత్తో రాసి ఇచ్చారు. ఆయన కుమారుడు పక్క గదిలో సీటు కవర్లు అమ్ముతున్నాడు, ఈ అరలు తనకొద్దంటున్నాడట. సహోదరుడా, పంపు కిట్టు కోసము వెళ్లేటట్లయితే ఆలస్యము చేయకండి. కార్యాలయానికి ఒక జాబు రాస్తే ఆ దుకాణము దారి మీకు రాసి పంపుతాము.