శిశుసంరక్షణము: జ్వరము – మూత్రపరీక్ష



మన అనంతపురము వానచాటు సీమ. ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో కళ్యాణదుర్గము, రాయదుర్గము ప్రాంతముల బిందెడు నీటికై తల్లులు పడు పాట్లు మీరెఱుగనివి కావు. ఇట్టిచోట పిల్లలు తగినంత నీరు త్రాగకుండుటయు, బడిలో మరుగుదొడ్డి బాగుండలేదని బాలికలు మూత్రము బిగపట్టుకొనుటయు తఱచు జరుగును. మూత్రము చాలసేపు నిలిచినచో అందు క్రిములు వృద్ధిపొందుట సులభము.

ఆ క్రిములు మూత్రపిండముల వఱకు ప్రాకినచో తీవ్రజ్వరము వచ్చును. పెద్దపిల్లలు మంటయనియు, పొత్తికడుపు నొప్పియనియు చెప్పగలరు. చంటిబిడ్డ యేమి చెప్పగలదు? పాలు త్రాగదు, కక్కుకొనును, సొమ్మసిల్లును. జలుబు, దగ్గు లేకయే జ్వరము కాయుచున్నచో ఎండదెబ్బయనియో దిష్టియనియో తలచి కాలము పుచ్చరాదు. చికిత్స ఆలసించినచో మూత్రపిండములపై మచ్చలు నిలిచి, ముందుముందు రక్తపుపోటునకు దారితీయవచ్చును. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరము వచ్చినచో ఆనాడే ఆసుపత్రికి కొనిపోవలెను.

అచ్చట ముఖ్యమైనది మూత్రపరీక్ష. ప్రయోగశాలలో కల్చర్ చేసి, అనగా మూత్రమందలి క్రిములను పెంచి, అవి ఏ యాంటీబయాటిక్ మందునకు నశించునో, దేనికి లొంగవో చూతురు. ఇందుకు రెండు మూడు దినములు పట్టును. అంతవఱకు వైద్యుడు తన యనుభవమునుబట్టి ఒక మందు నారంభించి, ఫలితము తెలిసిన పిదప అవసరమైనచో మార్చును. అయితే మొదటి మోతాదునకు ముందే మూత్రము పట్టవలెను. ఇంటిలో మిగిలియున్న మందు పోసి కొనిపోయినచో పరీక్షలో క్రిమి కనబడకపోవచ్చును. రోగము మాత్రము లోపలనే యుండును.

పెద్దలకు మంచిదైన మందు పిల్లలకును మంచిదే యని యెంచరాదు. మన తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడపిన లెడర్లీ సంస్థనుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడి, పెక్కు రోగములను మాన్పి కీర్తిగాంచినది. ఆ జాతి మందులు పెరుగుచున్న దంతములకు మాయని మచ్చ తెచ్చునని పిమ్మట తేలినది. కనుకనే యెనిమిదేండ్ల లోపువారికి వానిని సామాన్యముగా నీయరు. పిల్లల మందులను పిల్లలయందే, తల్లిదండ్రుల సమ్మతితో, జాగ్రత్తగా పరీక్షింపవలసివచ్చుటకు కారణ మిదియే.

మందు ఎన్నిదినము లీయవలెనను ప్రశ్నయు నిట్లే తేలవలసినది. అమెరికాలో 664 మంది పిల్లలపై జరిపిన యొక పరిశోధన 2023లో ప్రకటింపబడినది. అయిదు దినముల మందుతో నెమ్మదించిన పిల్లలలో కొందఱికి మఱి యయిదు దినములు మందును, కొందఱికి మందువలె కనబడు ఉత్తపదార్థమును ఇచ్చిరి. పదిదినములు మందు పొందినవారిలో నూటికి ఒక్కరికైనను చికిత్స విఫలము కాలేదు. అయిదు దినములవారిలో నూటికి నలుగురికి విఫలమైనది. అనగా పెక్కుమందికి కొద్దిదినములే చాలును, కొందఱికి చాలదు. మన బిడ్డ యే కోవలోనిదో నిర్ణయించువాడు వైద్యుడేగాని మనము కాము.

కావున జ్వరము తగ్గినదని మందు నడుమ మానకుడు. ఎఱ్ఱగీత గల మందులను వైద్యుని చీటీ లేక కొనకుడు. పొరుగుబిడ్డకు మిగిలిన సీసా నీయకుడు. నీరు కఱవైన యింటనైనను బిడ్డ త్రాగునీటిని ముందుగా తీసి వేఱుంచుడు.