పైచేయి యెవరిది?

ఎండలు ముదిరి, ఇండ్లలో ఆవకాయ జాడీలు కడిగి యారబెట్టు దినములలో, ఏటేట మన పత్రికలయందొక శీర్షిక కనబడుచుండును: "బాలికలదే పైచేయి." అందలి యక్షరములైనను మాఱవు. దాని క్రింద తల్లిచేత మిఠాయి తినిపించుకొనుచున్న యొక బాలిక ఛాయాపటము. ఆ ప్రక్కను శాతముల పట్టిక. 2024వ సంవత్సరమున ఆంధ్రప్రదేశములో పదవతరగతి పరీక్షకు గూర్చున్న బాలికలలో నూటికి 89.17 మంది కృతార్థులు కాగా, బాలురలో 84.32 మందియే యైరి. తెలంగాణమున ఆ యేడే బాలికలు 93.23, బాలురు 89.42. మఱుసటి యేట ఆంధ్రప్రదేశమున ఉభయుల శాతములును దిగినవి గాని, నడిమి యెడము తఱుగలేదు సరికదా పెఱిగినది: 84.09, 78.31.

ఈ వార్త చదివి సంస్కారప్రియులగు గృహస్థులు సంతోషింతురు. కొన్ని యేండ్లు మేమును సంతోషించితిమి. ఇప్పుడు మాకా శీర్షిక కనబడినతోడనే చికాకు కలుగుచున్నది. కారణము చెప్పెదము, చదువరులు కోపింపకుందురు గాక, కోపించినను పత్రిక మూసివేయకుందురు గాక.

అబద్ధమున కెవరును అంతగా సంతోషింపరు. ఇది నిజము, నిజమగుటచేతనే చిక్కు వచ్చినది. "పైచేయి" అను మాట చదివిన తండ్రి, తన యింట జరుగవలసిన న్యాయము జరిగిపోయినదనుకొని పత్రికను మడచి పెట్టుచున్నాడు. ఆడపిల్ల గెలిచినదట! ఇక నామెకు మనము చేయవలసినదేమున్నది?

పూర్వమిట్లు లేదు. 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిననాడు, స్త్రీవిద్య వలదనువారు వలదని బహిరంగముగనే యనిరి. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు తమ పత్రికయందు వాదించిరి. వీరు తమ వివేకవర్ధనియందు ప్రతివాదము చేసిరి. అది మర్యాదగల యుద్ధము. శత్రువెక్కడ నున్నాడో తెలిసియుండెను. నేడు స్త్రీవిద్య వలదనువాడు మన యూళ్లలో దుర్భిణి వేసి వెదకినను దొరకడు. అందఱును కావలెననువారే. అయినను ఆడపిల్ల చదువు ఒకానొక మెట్టుకడ ఆగిపోవుచున్నది. ఆపుచున్నవారెవరు?

ఆక్షేపణలు చచ్చిపోవు; ఇల్లు మాఱును. 1873లో అమెరికాదేశమున ఎడ్వర్డు క్లార్కను వైద్యుడు, అతిగా చదివినచో ఆడపిల్లల దేహతత్త్వము చెడునని యొక గ్రంథమే వ్రాసెను. దేహము చెడలేదు. పిమ్మట, గణితము వారి బుద్ధికందదనిరి. 1890లో కేంబ్రిడ్జియందు ఫిలిప్పా ఫాసెట్టను కన్య, ఆ యేటి గణితపరీక్షలో ప్రథముడని ప్రకటింపబడిన పురుషునికంటె నెక్కువ మార్కులు తెచ్చుకొన్నది. ఆమె పేరు "ప్రథముని కంటె పైన" అని చదివిరే గాని పట్టమీయలేదు. ఆ విశ్వవిద్యాలయమువారు స్త్రీలకు పూర్ణపట్టము లిచ్చుటకు 1948 రావలసి వచ్చినది. అంటే, పరీక్షలో పైచేయి యగుటకును బ్రదుకులో స్థానము దొరకుటకును నడుమ ఏబదియెనిమిది యేండ్లు పట్టినది. ఫలితముల పట్టికను చూచి చప్పట్లు కొట్టువా రీ లెక్కను గూడ నొకసారి చూడవలెను.

మన దేశమున నిప్పుడు వినవచ్చు నాక్షేపణ, "ఆడపిల్లలు బట్టీ పట్టుదురు, మగపిల్లలు అర్థము చేసికొందురు" అనునది. ఉపాధ్యాయులలో గూడ నీ మాట యనువారిని మే మెఱుగుదుము. మన పరీక్షలు జ్ఞాపకశక్తినే మిక్కిలిగ కొలుచునని మేమును ఒప్పుకొందుము. కాని ఆ దోషము బాలురు ముందున్న కాలమున నెవరి కంటను పడలేదేమి? కొలపాత్ర యొకటే, ధాన్య మొకటే. పొరుగువాని గాదె నిండినపుడు మాత్రము పాత్ర సొట్ట పడినదనుట ఏమి న్యాయము? అర్థము చేసికొనువారు 78 మందియు, చేసికొననివారు 84 మందియు నుత్తీర్ణులగుట విచిత్రముగనే యున్నది.

ఇది యటుండనిండు. జపానులో 2018వ సంవత్సరము ఆగస్టు మాసమున బయలుపడిన యొక సంగతిని మన గృహస్థుల యెదుట పెట్టదలచినాము. టోక్యో వైద్యవిశ్వవిద్యాలయమువారు ప్రవేశపరీక్షలో వ్యాసమునకు వచ్చిన మార్కులను మొదట అందఱికిని 0.8చే గుణించి తగ్గించుచుండిరట. ఆ పిమ్మట, తొలిసారి వ్రాసిన మగపిల్లలకును, ఒకటి రెండు మారులు తప్పి మరల వచ్చిన మగపిల్లలకును 20 మార్కులు చేర్చుచుండిరి. మూడు మారులు తప్పినవానికి 10. ఆడపిల్లకు, ఆమె ఎంత చక్కగా వ్రాసినను, సున్న. ఇట్లు 2006 మొదలుకొని జరుగుచున్నదని విచారణలో తేలినది. ఏల చేసితిరన, స్త్రీలు పెండ్లియై బిడ్డలను కని వైద్యము మానుకొందురు గావున ఆసుపత్రులకు వైద్యులు చాలరని సమాధానము. లోకమంతయు ఛీ యన్నది. మఱుసటి యేట ఆ చేర్పు మానివేయగా స్త్రీపురుషుల యుత్తీర్ణత ఇంచుమించు సమమైనది.

మేమును ఛీ యంటిమి. అన్న పిమ్మట నొక సందేహము కలిగినది. తప్పిన మగవానికి మార్కులు చేర్చుటయు, గెలిచిన యాడుదానికి సున్న చేర్చుటయు మన యిండ్లలో జరుగుట లేదా? అక్కడ దొంగతనముగ జరిగినది, ఇక్కడ పెద్దల సమక్షమున భోజనముల వేళ జరుగుచున్నది, భేద మంతియే. ఇంటరులో 96 శాతము తెచ్చిన కుమార్తెను, "ఊళ్లోనే డిగ్రీ కాలేజీ ఉంది గదమ్మా, పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి రావచ్చు" అందుము. 71 శాతము తెచ్చిన కుమారుని, "వాడికి బుర్ర ఉందండీ, ఒక్క సంవత్సరం లాంగ్ టర్మ్‌లో కూర్చోబెడితే సీటు కొడతాడు" అని విజయవాడకో హైదరాబాదుకో పంపుదుము. ఈ "బుర్ర యున్నది" యనునదే మనము చేర్చు 20 మార్కులు. రెండవసారి తప్పినను "మఱియొక యేడు" అందుము. ఆడపిల్ల విషయమున ఆ యేడు "వృథా" యగును. మగవాని విషయమున "ప్రయత్న" మగును. ఒకే పన్నెండు మాసములకు మన భాషలో రెండు పేళ్లున్నవి.

దీని ఫలము పదవతరగతి పట్టికలో కనబడదు. కావుననే ఆ పట్టిక మనకింత ప్రియమైనది. పదవతరగతికి ఖర్చు తక్కువ, బడి దగ్గఱ, పిల్ల యింటనే యుండును. దూరమును ధనమును కావలసిన పరీక్ష కడకు వచ్చుసరికి పట్టిక తిరుగబడును. ఐఐటీలలో చేరువారియందు 2018కి ముందు పదింట నొక యాడపిల్లయైనను లేకుండెను. ఆ యేట ప్రభుత్వమువారు వారికై యదనపు స్థానములు కల్పింపగా 2020 నాటికి ఐదింట నొకరైరి. పదునైదవ యేట లెక్కలు వచ్చిన పిల్లకు పదునెనిమిదవ యేట రాకపోవునా? వచ్చును. కాని ఆ మూడేండ్లలో ఎవరి మీద ఎంత సొమ్ము పెట్టితిమో యది గూడ లెక్కయే గదా.

"కాలము మంచిది కాదు, ఆడపిల్లను దూరము పంపుటెట్లు?" అని మిత్రులు ప్రశ్నింతురు. భయము నిజమైనదే. బస్సులలోను, వసతిగృహములలోను జరుగుచున్నవి మేమును వినుచునే యున్నాము. వానిని సరిచేయుట ప్రభుత్వముల విధి. కాని యీ భయమున కొక చమత్కార మున్నది. పదునెనిమిదేండ్ల పిల్లను గుంటూరు పంపుటకు వణకు తండ్రి, ఇరువదిరెండవ యేట నామెను మూడు మారులు మాత్రము చూచిన వరునితో డల్లాసు నగరమునకు విమాన మెక్కించుటకు వణకడు. అప్పుడు దూరము శుభమగును.

ఇక కట్నము. 1961 నుండి నిషేధముగల యీ యాచారమును గూర్చి మా పాఠకులయెదుట నుపన్యసించుట అనవసరము. వారిలో ననేకులు పుచ్చుకొననివారు. ఇచ్చువారు మాత్ర మున్నారు. పిల్లను ఎక్కువ చదివించినచో అంతకు మించి చదివిన వరుని తేవలెను, వానికి ఎక్కువ ఈయవలెను అని తల్లిదండ్రులు వేయు లెక్కను మేము మూర్ఖత యనము. అది తప్పు లేని లెక్క. తప్పు ప్రశ్నలోనే యున్నది.

శాతములను గూర్చి ఇంకొక మాట. పరీక్షకు గూర్చున్నవారినే పట్టిక లెక్కించును. గూర్చుండని పిల్ల తప్పినదియు గాదు, నెగ్గినదియు గాదు, ఆమె లేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణములో, ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల వయస్సుగల స్త్రీలయందు, పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున 23.5 అని తేలినది. 1929 నాటి శారదా చట్టమును, 2006 నాటి చట్టమును దాటి వచ్చిన సంఖ్య యిది. మనము మిఠాయి పంచుకొనుచున్న యేటనే యేదో యొక పందిటిలో నొక తొమ్మిదవతరగతి పిల్ల తలవంచుకొని కూర్చున్నది. ఆమె ఛాయాపటము పత్రికలో పడదు. పడినచో తహసీలుదారుగారు వత్తురు.

ఇన్ని యున్నను ఆడపిల్లలెట్లు నెగ్గుచున్నారని ఆశ్చర్యము. 2024లో ప్రభుత్వమువారు జరిపిన కాలవినియోగ సర్వేక్షణమున, ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు 289 నిమిషములును, చేయు పురుషులు 88 నిమిషములును దానికి వెచ్చింతురని లెక్క తేలినది. ఈ పని యొక్కనాడు పెండ్లితో మొదలగునది కాదు; అంట్ల గిన్నెలకడ తొమ్మిదవ యేటనే యారంభమగును. మాకు తోచు కారణ మొకటి చెప్పెదము, ఎవరైన ఖండింతురేని ప్రచురింతుము. ఆడపిల్లకు పుస్తకము పట్టుకొన్నంతసేపే "పాపం, చదువుకొనుచున్నది" యని యింటివా రామెను పిలువరు. పుస్తకమే ఆమెకు గది, పుస్తకమే తలుపు. మార్కులు తగ్గినచో ఆ తలుపు మూయబడునని యామెకు పదమూడవ యేటనే తెలియును. మగపిల్లవానికి తెలియవలసిన యవసరము లేదు. వానికి మరల నొక యేడు కలదు. వాడు తప్పుటకు ఇదియు నొక హేతువు. చేర్పు మార్కులు పుచ్చుకొనువానికి గూడ మేలు చేయవు. పేదయిండ్ల బాలురు కొందఱు మెకానికు షెడ్లకును హోటళ్లకును కూలికి పోయి పరీక్ష తప్పుదురు. వారి మాట వేఱు, వారిని సోమరులనుట పాపము. మేము చెప్పునది కూలికి పోవలసిన పనిలేని యిండ్ల మాట. మన యిండ్ల మాట.

ఇంతవఱకు "మన యిండ్లు" అని వ్రాసి తప్పించుకొంటిమి. మా యింటి సంగతియు చెప్పవలెను. మాకొక కుమారుడు, ఒక కుమార్తె. ఏడాదిన్నర యెడము. ఇద్దఱును వైద్యప్రవేశపరీక్ష వ్రాసిరి, ఇద్దఱును తప్పిరి. కుమార్తె కొద్దిలో తప్పినది, కుమారుడు చాలదూరములో తప్పెను. కుమారునికి రెండేండ్లు శిక్షణ యిప్పించితిమి. కుమార్తె ఫలితము వచ్చిన రాత్రి, "బి.ఎస్సీ. చేరతాను నాన్నా" అని తానే యన్నది. మేము చాల బుద్ధిమంతురాలని మెచ్చుకొంటిమి. ఇరుగుపొరుగులకు గూడ చెప్పితిమి. ఆమె అట్లనుటకు ముందు మేము మాటలాడక కొంతసేపు గోడ గడియారము వంక చూచుచుంటిమని మా యిల్లాలు మొన్నటి దాక మాతో చెప్పలేదు.

ఈ వ్యాసము వ్రాయుటకై అంకెలు వెదకుచు, ఇంటి పద్దుల పుస్తకము తీసితిమి. కుమారుని చదువు పద్దు నాలుగు పుటలు: కళాశాల, హాస్టలు, పుస్తకములు, మరల హాస్టలు, రాకపోకలు, వానికి జ్వరము వచ్చినపుడు మేము పోయిన ఖర్చు. కుమార్తె పద్దు పదునొకండు పంక్తులు, అందు రెండు బస్సు పాసులు. అక్షరములు మావియే. ఏ పంక్తికడను చేయి వణకిన గుర్తు లేదు.

చదువరులారా, మీ యిండ్లలోను ఇట్టి పుస్తకము లుండును. పుస్తకము లేనివారికి జ్ఞాపక ముండును. వచ్చు వేసవిలో ఆ శీర్షిక మరల పడును. ఈసారి పత్రికను ప్రక్కన బెట్టి పద్దు ముందు తీయుడని మా మనవి. మా పుస్తకము బల్లసొరుగున నున్నది. ఆ సొరుగునకు తాళము లేదు. అమ్మాయి చూచినదో లేదో మే మడుగలేదు.