నంద్యాల ఎండలో క్లాస్ ఏ యాంప్లిఫైయరా? నా ఓటు క్లాస్ డికే

"క్లాస్ ఏ సౌండే వేరు బ్రో" అనే మాట ఆడియో ప్రియుల దగ్గర తరచూ వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. కానీ నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఇంట్లో పెట్టుకోవాలంటే లెక్క మారిపోతుంది.

క్లాస్ ఏలో ట్రాన్సిస్టర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. అందుకే క్రాస్‌ఓవర్ డిస్టార్షన్ ఉండదు. కానీ దీని గరిష్ఠ ఎఫిషియెన్సీ డిజైన్‌ని బట్టి 25 నుంచి 50 శాతమే. 25 శాతం లెక్కన, రెండు చానళ్లకి 20 వాట్ల చొప్పున కావాలంటే 160 వాట్లు లాగుతుంది. పాట ఆపినా అంతే! రోజుకి 5 గంటలు ఆన్‌లో ఉంచితే నెలకి 24 యూనిట్లు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఇది గదిలో హీటర్ పెట్టుకున్నట్టే.

క్లాస్ ఏబీ మధ్యేమార్గం. అసెంబుల్డ్ సెట్లలో కనిపించే టీడీఏ2030, టీడీఏ7294 ఐసీలు ఈ రకమే. సౌండ్ బాగానే ఉంటుంది, హీట్‌సింక్ మాత్రం గట్టిది కావాలి.

ఇక క్లాస్ డి. 'డి' అంటే డిజిటల్ కాదు, సీ తర్వాతి అక్షరం, అంతే. ట్రాన్సిస్టర్లు సెకనుకి లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతాయి. చివర్లో ఫిల్టర్ ఆ స్విచింగ్‌ని తీసేసి పాటని మిగులుస్తుంది. మంచి డిజైన్లలో ఎఫిషియెన్సీ 90 శాతం దాకా వస్తుంది. వేడి తక్కువ, కరెంట్ పోతే ఇన్వర్టర్ మీద భారమూ తక్కువే.

"మరి ట్రెబుల్ తేడా కొడుతుందిగా?" అంటారు. చౌక బోర్డుల్లో ఫీడ్‌బ్యాక్‌ని ఫిల్టర్‌కి ముందే తీసుకుంటారు కాబట్టి, స్పీకర్ మారితే ట్రెబుల్ కూడా మారొచ్చు. ఫిలిప్స్‌లో ఉండగా బ్రూనో పుట్జీస్ రూపొందించిన యూసీడీ లాంటి డిజైన్లు ఫిల్టర్ తర్వాత ఫీడ్‌బ్యాక్ తీసుకుని దీన్ని చాలావరకు సరిచేశాయి.

కొనేముందు పీఎంపీఓ అంకెల్ని వదిలేసి ఆర్‌ఎంఎస్ చూడండి. అది ఎంత డిస్టార్షన్ దగ్గర కొలిచారో కూడా చూడండి. టీపీఏ3116 చిప్ చెప్పే 50 వాట్లు 10 శాతం దగ్గరివి. శుభ్రంగా వినిపించే పవర్ అంతకంటే తక్కువే.

అసలు విషయం ఇంకోటుంది. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్లు పరిచిన హాలు, ఖాళీ గోడలు ఉంటే సౌండ్ గదంతా మోగుతుంది. ఆ మోతని ఏ క్లాసూ తగ్గించలేదు. అందుకే మంచి క్లాస్ డి తీసుకుని, మిగిలిన డబ్బు స్పీకర్ల మీద, ఒక మందపాటి కార్పెట్ మీద, కర్టెన్ల మీద పెట్టండి. తేడా మీ చెవులకే తెలుస్తుంది.