ఆంగ్లపు తరగతిలో తెలుగు నేరమా?

మా మనుమరాలు నాలుగవ తరగతి చదువుచున్నది. బడి పేరు చెప్పను. చెప్పి ప్రయోజనము లేదు. అట్టి బడులు ఈ చెన్నపురిలో వీధికొకటి కలవు. క్రిందటి కార్తికమాసమున, వానలు ముమ్మరముగా ఉన్న దినములలో, ఒకనాటి ఉదయము తరగతిలో దానికి జ్వరము వచ్చినది. ఉపాధ్యాయురాలి బల్లయొద్దకు పోయి "ఒళ్ళు కాలిపోతున్నది టీచర్" అని చెప్పినదట. "ఇంగ్లీషులో చెప్పు" అని బదులు వచ్చినది. ఫీవర్ అను మాట పిల్ల ఎరుగనిది కాదు. కాని వాక్యము తప్పు పలికినచో తక్కిన పిల్లలు నవ్వుదురని జంకి, మరలివచ్చి తన చోట కూర్చున్నది. సాయంకాలము నేను పోయి తీసికొనివచ్చునప్పటికి 103 డిగ్రీలు. ఆ ఉపాధ్యాయురాలు తెలుగింటి ఆడపడుచే అని నాకు పిమ్మట తెలిసినది.

మరుసటి వారము పోయి అడిగితిని. ఆమె నన్ను గౌరవముగనే కూర్చుండబెట్టినది. "ఏమీ అనుకోకండి తాతగారూ, ఇది డైరెక్టు మెథడ్. ఒక్క తెలుగు మాట రానిచ్చామంటే పిల్లలకు ఇంగ్లీషు రాదు. మీ రోజులలో ఈ పద్ధతులన్నీ లేవు కదా" అని చెప్పినది. నేను ఎస్.ఎస్.ఎల్.సి. మాత్రమే చదివినవాడను. అయినను, ఒక కచేరీలో దాదాపు నలుబది సంవత్సరములు ఆంగ్లమున జాబులు వ్రాసి, పై అధికారులు వ్రాసిన జాబులలోని తప్పులు వారి మనస్సు నొవ్వకుండ దిద్ది, నేడు పింఛను పుచ్చుకొనుచున్న గుమాస్తాను. మా దినములలో పద్ధతులు లేవను మాట నాకు గ్రుచ్చుకొన్నది. అందుచేత కొన్ని వారములు కన్నెమరా గ్రంథాలయమునకు పోయి, ఈ పద్ధతి పుట్టుపూర్వోత్తరములు విచారించితిని.

1878లో అమెరికాలోని ప్రావిడెన్సు అను ఊర బెర్లిట్జ్ అను నాతడు భాషల పాఠశాల నొకటి పెట్టెను. ఫ్రెంచి చెప్పుటకు ఒక ఫ్రెంచివానిని సహాయునిగా పిలిపించుకొనెను. వచ్చిన పిమ్మట తెలిసినదేమనగా, అతనికి ఆంగ్లము రాదు! ఇంతలో బెర్లిట్జ్ జబ్బుపడెను. ఫ్రెంచివాడు గత్యంతరము లేక సైగలు చేసియు, వస్తువులు చూపియు, ఫ్రెంచిలోనే పాఠములు నడిపెను. యజమాని కోలుకొని వచ్చి చూచునప్పటికి శిష్యులు ఫ్రెంచి మాటాడుచుండిరట. ఆ సంస్థవారు గర్వముగా చెప్పుకొను కథ ఇది. నేనును దానిని కాదనను. కాని ఇందులోని కీలకమేమి? గురువునకు శిష్యుని భాష రాకపోవుటచేత పుట్టిన ఉపాయ మది. శిష్యులా, రుసుము చెల్లించి తమంత తాము కోరి వచ్చిన పెద్దలు. మన తరగతిలో నలుబదిమంది పసిపిల్లలు. గురువునకు తెలుగు చక్కగా వచ్చును. కాలు విరిగినవాడు కర్ర పట్టుకొని నడచినాడని, కాళ్లున్నవాని కాళ్లు కట్టి చేతికి కర్ర ఇచ్చినట్లున్నది.

తరువాతి వంతు స్ట్రక్చరల్ పద్ధతిది. వాక్యముల అచ్చులను ఏరి, సులువైనవి ముందును కష్టమైనవి వెనుకను పేర్చి, పిల్లలచేత పదేపదే పలికించుట దీని మర్మము. 1950 దాటిన పిమ్మట దీనికి మద్రాసు రాష్ట్రము పేరుపొందిన క్షేత్రమైనది. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్ల సంస్థ వెలసెను. 1959 మొదలుకొని మద్రాసు రాష్ట్రమున 27,000 మంది ఉపాధ్యాయులకు మరల శిక్షణ ఇచ్చు ఉద్యమ మొకటి నడచెను. కొందరు నేర్చి మరికొందరికి నేర్పవలెను, వారు ఇంకను కొందరికి. దీనికి "మంచుముద్ద" అని పేరు పెట్టిరి. మంచు నెన్నడును కన్నెత్తి చూడని ఊరికి ఎంత చక్కని పేరు! మంచుముద్ద దొర్లినకొలది పెరుగునని వారి తలంపు. మన ఎండలో దొర్లినకొలది కరగును. మొదటివాడు నేర్చిన పది విషయములు నాలుగవవాని చెవికి చేరునప్పటికి రెండగును. నాకు ఆరవ తరగతిలో ఆంగ్లము చెప్పిన యువోపాధ్యాయుడు ఆ కరగిన ముద్దలో తన పాలు పుచ్చుకొన్నవాడే కాబోలు. "దిస్ ఈజ్ ఎ బుక్, దట్ ఈజ్ ఎ డోర్" అని ఏడాది పొడుగునను మాచేత తలుపును పలికించెను. తలుపు మాకు కనబడుచునే యున్నది. 'ఎ' ఎందులకు వచ్చినదో, తెలుగున లేని ఆ మాట ఆంగ్లమున ఏల ఉండవలెనో ఆయన చెప్పలేదు. చెప్పుటకు తెలుగు కావలెను, తెలుగు నిషిద్ధము.

తొమ్మిదవ తరగతిలో మాకు ఒక వృద్ధోపాధ్యాయుడు దొరకెను. నెల్లూరు పక్కవారు, తలపాగా, బొటనవ్రేలు బయటికి వచ్చు చెప్పులు. ఒకనాడు నేను "ఐ యామ్ వెయిటింగ్ సిన్స్ టూ అవర్స్" అని వ్రాసితిని. ఆయన కోపపడలేదు. "ఒరే, తెలుగులో 'సోమవారంనుంచి' అంటావు, 'రెండు గంటలనుంచి' అంటావు. మనకు రెంటికీ ఒకటే 'నుంచి'. వాడికి రెండున్నాయి. మొదలు చెబితే సిన్స్, పొడవు చెబితే ఫర్" అనిరి. అర నిమిషము. ఏబది ఏండ్లు దాటినది. ఆ తప్పు మరల చేయలేదు. అదే పాఠమును తెలుగు లేకుండ చెప్పవలెనన్నచో ఎన్ని వాక్యములు వల్లింపవలెనో లెక్కించుకొనుడు. పైగా, ఆ పిల్లవాడు ఏ కారణముచేత తప్పినాడో తెలుగు నెరుగని పద్ధతికి ఎన్నటికిని తెలియదు. తప్పు ఆంగ్లమున కనబడుచున్నది. వేరు తెలుగున ఉన్నది.

ఇట్టి వేరులు ఇంకను ఎన్నో కలవు. మనకు 'మేము' వేరు, 'మనము' వేరు. ఆంగ్లమున రెంటికిని ఒకటే మాట. మన మాటలు అచ్చుతో ముగియును గనుక బస్ మనకు బస్సు, రోడ్ మనకు రోడ్డు. అన్నింటికంటె చిత్రమైనది మన 'అట'. ఉద్యోగములో చేరిన తొలిదినములలో ఒక కాగితముపై, ఫలానివాడు సెలవు పెట్టెనట అను అర్థమున, "ఇట్ సీమ్స్" అని చేర్చితిని. ఉత్తరదేశమునుండి వచ్చిన అధికారి నన్ను పిలిచి, "ఎవరికి అట్లు తోచినది? నీకా? నీకు తోచుటకు ఆధారమేమి?" అని నిలదీసెను. నేను విన్నమాట చెప్పితిని. ఆయన నా ఊహ అనుకొనెను. మన 'అట'కు ఆంగ్లమున సరియైన జోడు లేదనియు, ఎవరు చెప్పిరో పేర్కొనవలెననియు నాకు ఆనాడు తెలిసినది. ఈ సంగతి బడిలోనే ఎవరైన చెప్పియుండినచో ఆ చీవాట్లు తప్పియుండెడివి.

ఇక, ఈ ఊరివారమై మనము మరువరాని విషయ మొకటి కలదు. 1812లో ఇచ్చటనే ఫోర్టు సెయింటు జార్జి కళాశాల పెట్టిరి. కుంపిణీ కొలువునకు క్రొత్తగా వచ్చిన దొరబిడ్డలకు తెలుగు, తమిళము మొదలగు భాషలు నేర్పుట దాని పని. వారికి మన పండితులు తెలుగును తెలుగున మాత్రమే నేర్పిరా? క్యాంబెలు దొర తెలుగు వ్యాకరణము 1816లో ఇచ్చటనే అచ్చుపడెను. అది ఆంగ్లమున వ్రాయబడినది. బ్రౌను దొర 1817లో మద్రాసు చేరి తెలుగు నేర్చి, 1840లో వ్యాకరణమును, 1852లో నిఘంటువును వెలయించెను. తెలుగు మాటకు ఆంగ్లార్థము అందున్నది. ఆర్డెను దొర 1873లో వ్రాసిన వ్యాకరణమును నేటికిని విదేశీయులు కొని చదువుదురు, అదియు ఆంగ్లముననే. దొర మన భాష నేర్చునప్పుడు తన భాషను చేతబట్టుకొని నేర్చెను. ఎవరును అతనికి జరిమానా వేయలేదు. మన పిల్ల అతని భాష నేర్చునప్పుడు మాత్రము తన భాషను బడి వాకిట చెప్పులతోపాటు విడిచి రావలెనట! ఏరు దాటి తెప్ప తగులబెట్టువానిని లోకము నిందించును. ఏరు దాటకమునుపే తగులబెట్టుమని చెప్పువానిని ఏమనవలెను?

ప్రతిపక్షమువారి మాటలోని న్యాయమును నేను దాచను. మా వృద్ధోపాధ్యాయుని శిష్యులమైన మేము జాబు వ్రాయగలిగితిమి గాని మాటాడలేకపోతిమి. కచేరీలో టెలిఫోను మొదటిసారి నా చేతికి వచ్చినపుడు నాలుక పిడచగట్టి, "వన్ మినిట్ సార్" అని మూడుమార్లు చెప్పి, పక్కవానికి ఇచ్చివేసితిని. గంటంతయు తెలుగున ఆంగ్లమును గూర్చి ఉపన్యసించి, ఆంగ్లము పలికింపకయే గంట కొట్టించుకొను ఉపాధ్యాయులును ఆనాడు ఉండిరి. అది సోమరితనము. పిల్లలు ఆంగ్లము వినవలెను, పలుకవలెను, మిక్కిలిగా పలుకవలెను. కాదనువాడెవడు? నా తగవు ఆంగ్లము పలికించుటతో కాదు. తెలుగు నోరు నొక్కుటతో. ఈ రెండును ఒకటే అని నమ్మించుటలోనే మోసమున్నది.

వేల్సు దేశమున పందొమ్మిదవ శతాబ్దిలో వెల్షు మాటాడిన పిల్లల మెడలో ఒక కొయ్యముక్క వ్రేలాడదీయు ఆచారము కొన్ని బడులలో ఉండెడిది. దానిని నేటికిని ఆ దేశీయులు అవమానముగా తలచుకొందురు. 2009లో మన కడప జిల్లా మైదుకూరులో, తెలుగు మాటాడిన పిల్లల మెడలో, ఇక తెలుగు మాటాడము అను పలకలు కట్టిన వార్త పత్రికలలో వచ్చినది. పరాయివారు విడిచిన కొయ్యముక్కను మనము ఏరి తెచ్చుకొంటిమి. విచిత్రమేమనగా, ఆ వేల్సు దేశముననే పనిచేసిన డాడ్సను అను ఆచార్యుడు 1967లో ఒక గ్రంథము ప్రకటించి, పిల్లవాని భాషలో అర్థము చెప్పి, పిమ్మట పరభాషలో పలికించుట మేలని వాదించెను. కొయ్యముక్కను తెచ్చుకొన్న మనకు ఆ గ్రంథము మాత్రము కనబడలేదు.

మన దక్షిణాదిలోనే ప్రభుగారు, ఇచ్చటి బ్రిటిష్ కౌన్సిలులో పనిచేసినవారు, 1979 నుండి 1984 వరకు బెంగుళూరు, మద్రాసు మొదలగు చోట్ల బడులలో వేరొక మార్గము ప్రయోగించిరి. రైళ్ల వేళల పట్టికయో, ఊరి పటమో ఇచ్చి, లెక్క తేల్చుమని పిల్లలను పురికొల్పుట. బుద్ధి పనిచేయుచుండగా భాష తనంత వచ్చునని ఆయన నమ్మకము. నాకు అందు సగమే రుచించినది. కాని ఆయన 1990లో ఒక వ్యాసము వ్రాసి, ఉత్తమమైన పద్ధతి అనునది ఏదియు లేదని తేల్చిరి. ఒక పద్ధతికి పేరుగాంచినవాడే ఆ మాట చెప్పుట పెద్దమనిషి లక్షణము. మా బడి గోడపై మాత్రము "ఇంగ్లీషు ఓన్లీ" అను అట్ట ఇంకను వ్రేలాడుచున్నది.

గిడుగువారిని తలచికొనక ఈ ప్రస్తావన సాగదు. 1906 ప్రాంతమున ఉత్తర సర్కారులలో బడుల పరీక్షాధికారిగా ఉన్న యేట్సు దొర, జీవభాషను జీవభాషగా నేర్పవలెనను క్రొత్త తలంపులు కలవాడు. జనులు మాటాడు తెలుగు ఒకటి, పుస్తకములలోని తెలుగు వేరొకటి ఏల అని అడిగెను. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులుగారిని, గురజాడ అప్పారావుగారిని, శ్రీనివాస అయ్యంగారిని కదలించెను. అనగా, ఏ కదలిక తెలుగుబిడ్డ నోటి తెలుగునకు బడిలో గౌరవము కోరినదో, దాని పేరు చెప్పియే నేడు ఆ నోటిని మూయుచున్నారు. (నేను వ్రాయుచున్న ఈ భాషను చూచి పంతులుగారు నవ్వుదురేమో. చేయునదేమి? నాకు వ్రాత నేర్పినవారు ఇట్లే నేర్పిరి.)

మాధ్యమపు తగవును దీనితో కలుపవలదని మనవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో బడులన్నింటను ఆంగ్లమాధ్యమము పెట్టుమని ఉత్తరువు చేయుటయు, 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేయుటయు, 2022లో తెలంగాణము అదే దారి త్రొక్కుటయు అందరెరిగినవే. 2020 నాటి జాతీయ విద్యావిధానము వీలైనంత వరకు అయిదవ తరగతి దాక ఇంటిభాషలో చెప్పుమన్నది. అవి పెద్దల తగవులు. మన చెన్నపురి తెలుగువారి కష్టము వేరు. మన పిల్ల ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఆంగ్లము మాటాడవలెను. 2006 నాటి చట్టము ననుసరించి తమిళము నేర్చుట ఈ నేల ధర్మము; దానితో నాకు తగవు లేదు. కాని తెలుగు వినబడు చోటు ఇల్లొకటే అయినపుడు, ఆంగ్లపు గంటలో అర్థము చెప్పుటకైన రెండు తెలుగు మాటలు దొరలినచో ఆ పిల్లకు రెండు భాషలును నిలుచును. తెలుగు పిల్లలు కొద్దిమందే ఉన్న తరగతిలో తమిళమున చెప్పినను నాకు సమ్మతమే. పిల్లకు తెలియవలెను, అంతే.

కాబట్టి మన సంఘమువారిని ఒకటి అడుగుచున్నాను. తెలుగువారి యాజమాన్యమున ఉన్న బడులకైన ఒక విజ్ఞాపన పంపుదము. మొదటిది, తెలుగు మాటాడినందులకు జరిమానా గాని, నిలబెట్టుట గాని ఉండరాదు. రెండవది, జ్వరము, నొప్పి, ఆకలి, భయము, ఇవి ఏ భాషలో చెప్పినను వినవలెను. మూడవది, వారమునకు ఒక గంట తెలుగునుండి ఆంగ్లమునకు, ఆంగ్లమునుండి తెలుగునకు అనువాదము చేయింపవలెను. ముసాయిదా నేనే సిద్ధపరచి ఉంచితిని. అది ఆంగ్లముననే వ్రాసితిని, తప్పులు లేవు. వార్షికోత్సవపు నాడు సభామంటపము ద్వారమువద్ద, కాఫీ పంచు బల్లకు ఎడమవైపున కూర్చుందును. చేవ్రాలు చేయువారు అచ్చటికి దయచేయుదురు గాక. కలము నాయొద్ద ఉండును.