అది కన్ను కొట్టడం కాదు

వెంకటగిరికోట సంతలో ఒకాయనకు తెల్లారేసరికి మూతి ఒక పక్కకు వంకర పోయిందనుకోండి. "చల్లగాలి కొట్టింది" అని ఒకరు, "పక్షవాతం" అని ఇంకొకరు తలా ఒక మాట అంటారు. పసరు రాయమనేవారూ ఉంటారు. ఈ హడావుడిలో మూడు రోజులు ఇట్టే గడిచిపోతాయి. అసలు విలువైనవి ఆ మూడు రోజులే!

ముఖంలో సగభాగాన్ని కదిలించేది ఏడవ కపాలనాడి. చెవి దగ్గర ఎముకలోని సన్నని దారి గుండా అది ముఖంలోకి వస్తుంది. ఆ ఇరుకులో నాడి వాచి నలిగితే కన్ను మూతపడదు, తాగిన నీళ్లు పెదవి మూల నుంచి కారిపోతాయి. చార్లెస్ బెల్ (1774–1842) అనే వైద్యుని పేరు మీద దీన్ని బెల్స్ పాల్సీ అంటారు. 72 గంటలలోపు ప్రెడ్నిసొలోన్ మొదలుపెడితే పూర్తిగా కోలుకునేవారు పెరుగుతారని స్కాట్లాండు పరిశోధకులు 2007లో ప్రకటించారు. చెయ్యో కాలో పడిపోయినా, మాట తడబడినా ఒక్క గంట కూడా ఆగకూడదు. అది మెదడుకు వచ్చిన ముప్పు కావచ్చు. ఏది ఏదో డాక్టరే తేల్చాలి.

చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో నయమవుతుంది. నేను చెప్పదలచింది మిగిలినవారి గురించి. దెబ్బతిన్న నాడీతంతువులు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతాయి. గాలివానకు తెగిన కరెంటు తీగలను చీకట్లో అతికిస్తే ఏమవుతుంది? మనింట్లో స్విచ్చి వేస్తే పక్కింట్లో దీపం వెలుగుతుంది! ఇక్కడా అంతే. పెదవికి పోవలసిన తంతువు కంటి కండరానికి చేరుతుంది. కొన్ని నెలల తర్వాత, నవ్వబోతే కన్ను మూసుకుంటుంది. కొందరికి అన్నం తింటుంటే కన్నీళ్లు కారతాయి. వైద్యులు దానికి 'మొసలి కన్నీరు' అని పేరు పెట్టారు. బాధపడేవాడికి ఆ పేరేం బాగుంటుంది?

ఇలాంటి కుర్రవాడు మీ తరగతిలో ఉంటే? అతను నవ్వితే కన్ను కొట్టాడంటారు. పాపం, చెంపదెబ్బ కూడా తినవచ్చు. చివరికి నవ్వడమే మానేస్తాడు.

బెలూన్లు ఊదు, బబుల్‌గమ్ నములు అని సలహాలిస్తారు. అది పొరపాటని నా అభిప్రాయం. బలంగా చేసేకొద్దీ ఆ తప్పు కదలికలే బలపడతాయి. కరెంటు పెట్టించుకుంటే మేలని కూడా రుజువు కాలేదు. కావలసింది ఒక అద్దం, బోలెడు ఓపిక. అద్దం ముందు కూర్చుని, కన్ను మూసుకోకుండా చూసుకుంటూ, నెమ్మదిగా, చిన్నగా నవ్వడం సాధన చేయాలి. ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నేర్పితే మంచిది. నెలల తరబడి పడుతుంది. అప్పటికీ లొంగకపోతే బొటులినం టాక్సిన్ ఇంజక్షను ఉంది. అవునండీ, సినిమావాళ్లు ముడతలు పోవడానికి వేయించుకునేదే! దాని పని మూడు నాలుగు నెలలే. మళ్లీ వేయించుకోవాలి, ఖర్చూ ఎక్కువే. అద్దానికి ఆ బాధ లేదు. కుప్పంలో మెడికల్ కాలేజీ ఉంది, వేలూరూ దూరం కాదు. ఒకసారి వెళ్లి సాధన నేర్చుకుని వస్తే, మిగతాది ఇంట్లోనే చేసుకోవచ్చు.

తరగతి ఫొటో తీసేటప్పుడు ఆ కుర్రవాణ్ణి "గట్టిగా నవ్వరా" అనకండి. చిన్నగా నవ్వనివ్వండి. కన్ను తెరిచే ఉంటుంది.