నాలుగు కిరీటాలు, ఆరేళ్ళ ఆయుర్దాయం

కప్పు మీద కప్పు గెలిచిన జట్టు పదికాలాల పాటు బతుకుతుందని మనం అనుకుంటాం. న్యూయార్క్ యారోస్ కథ వింటే ఆ నమ్మకం కాస్త సడలుతుంది.

అమెరికాలో ఇండోర్ సాకర్ అని ఒక ఆట ఉంది. మంచు హాకీ ఆడే బరి మీద కృత్రిమ పచ్చిక పరుస్తారు. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. బరి చుట్టూ గోడ. బంతి బయటికి పోదు, క్యారమ్ బోర్డులో కాయలాగా అంచుకు తగిలి తిరిగొస్తుంది. రెప్ప వేసేలోగా గోలు! అసలు ఫుట్‌బాల్ అభిమానులు దీన్ని చూసి ముక్కు విరిచేవారు. చూడనివ్వండి, వేగం మాత్రం వేగమే.

1978 డిసెంబరు 22న లాంగ్ ఐలండ్‌లోని నాసా కొలీజియంలో ఈ ఆటకు పెట్టిన కొత్త లీగు మొదలయింది. బేస్‌బాల్ వీరుడు పీట్ రోజ్ తొలి బంతిని తన్నాడు. యారోస్ జట్టు సిన్సినాటి కిడ్స్‌ను 7–2తో ఓడించింది. పాపం, కిడ్స్ ఆ ఒక్క సీజనుతోనే కనుమరుగయ్యారు.

యారోస్‌కు ప్రాణం స్టీవ్ జుంగుల్. యుగోస్లావియాలో హైదుక్ స్ప్లిట్ జట్టు ఆటగాడు, దేశం తరపున కూడా ఆడినవాడు. 1978లో అమెరికా వచ్చి తిరిగి వెళ్ళలేదు. స్వదేశపు సంఘం ఊరుకుంటుందా? అనుమతి పత్రం ఇవ్వనంది. బయటి మైదానాలన్నీ అతనికి మూతపడ్డాయి. కప్పు కింద ఆడే ఈ ఆట ఒక్కటే ఫిఫా చేతికి అందనిది. అతనికి మిగిలిన చోటు అదే. అందులోనే 1980–81 సీజనులో 40 ఆటల్లో 108 గోల్సు కొట్టాడు! ఆ ఏడు ఫైనల్లో యారోస్ సెయింట్ లూయిస్‌ను 6–5తో గెలిచింది. 1979 నుంచి 1982 దాకా వరుసగా నాలుగు కిరీటాలూ వాళ్ళవే.

విచిత్రమేమిటంటే, అదే కొలీజియంలో ఐలండర్స్ హాకీ జట్టు కూడా 1980 నుంచి 1983 వరకు వరుసగా నాలుగు స్టాన్లీ కప్పులు గెలిచింది. ఒకే కప్పు కింద రెండు విజయ పరంపరలు. ఐలండర్స్ నేటికీ ఉన్నారు. యారోస్‌కు మాత్రం డబ్బు చిక్కులు తప్పలేదు. 1983లో జుంగుల్‌నే కాలిఫోర్నియాలోని గోల్డెన్ బే జట్టుకు అమ్ముకున్నారు. నన్నడిగితే యారోస్ కథ ఆ రోజే ముగిసింది. 1984లో తలుపులు మూయడం ఉత్త లాంఛనం.

ఆ 1984లోనే జుంగుల్ గోల్డెన్ బే తరపున ఆరుబయట, అసలు పచ్చిక మైదానాల లీగులో దిగాడు. ఆ సీజనులో గోల్సు లెక్కలో అందరికన్నా ముందున్నది అతనే. ఆ లీగుకూ అదే ఆఖరి సీజను.